రాత్రి రెండు గంటలు కదలవు, ఏడాది మాత్రం ఆగదు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉంటూ అమెరికా క్లయింట్‌కి సపోర్ట్ పని చేస్తున్నాను. మూడేళ్లుగా ఇంటి నుంచే. సాయంత్రం 6:30కి లాగిన్ అయితే తెల్లవారుజామున 3:30కి వదులుతారు, చలికాలంలో ఇంకో గంట ఆలస్యం. రాత్రి ఒంటి గంట దాటాక గడియారం ముల్లు కదలదు. షిఫ్ట్ అయ్యాక ఐదు నిమిషాలు రీల్స్ చూద్దామని పడుకుంటే ఐదు దాటిపోతోంది. ఇక సంవత్సరాల సంగతి చెప్పక్కర్లేదు. ఉగాది పచ్చడి మొన్ననే తిన్నట్టుంది, చూస్తే మళ్లీ వేపపువ్వు వచ్చేసింది. ఈ మూడేళ్లలో ఏం జరిగిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక్కటీ తోచదు. ఇది వయసు వల్లా, లేక ఏదైనా జబ్బా? ఇంకో చిన్న విషయం. అర్ధరాత్రి దాటాక ‘ఇవాళ’ అంటే ఏ రోజో నాకే తెలియడం లేదు. అమ్మ ఫోన్ చేసి ‘నిన్న ఏం వండుకున్నావే?’ అంటే వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాను. (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

సమాధానం:

ముందు మీ భయం సంగతి చూద్దాం. మీరు రాసినదాంట్లో జబ్బని కంగారు పడాల్సిన గుర్తులేవీ కనిపించడం లేదు. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో కింద విడిగా చెబుతాను. వయసు మీద కూడా నెపం వేయకండి. జర్మనీ, ఆస్ట్రియాల్లో 14 నుంచి 94 ఏళ్ల మధ్య వయసున్న 499 మందిని ఇదే అడిగి చూశారు, ఆ ఫలితాలు 2005లో వచ్చాయి. గడిచిన వారం, నెల, ఏడాది ఎలా గడిచాయంటే చిన్నవాళ్లూ పెద్దవాళ్లూ కొద్దిపాటి తేడాతో ‘గబగబా అయిపోయాయి’ అనే అన్నారు. గత పదేళ్ల గురించి అడిగినప్పుడే వయసు తేడా కాస్త స్పష్టంగా కనబడింది. కాబట్టి మీకు ఏడాది ఏడాదే కనబడకుండా పోతోందంటే, ఆ ఏడాది ఎలా గడుస్తోందన్నదే చూడాలి.

మీరు అంతా ఒకే బాధగా రాశారు గానీ ఇందులో మూడు వేరువేరు సంగతులున్నాయి. రాత్రి ఒంటి గంట తర్వాత సాగిపోవడం ఒకటి, ఫోన్‌లో గంటన్నర ఆవిరైపోవడం రెండోది, ఏడాది మొత్తం చేతికి చిక్కకపోవడం మూడోది. ఒకదానికి వాడాల్సిన మందు రెండోదానికి పనికిరాదు. చాలామంది ఇక్కడే పొరపడి, ‘ఎంత ప్రయత్నించినా నా బతుకింతే’ అని వదిలేస్తుంటారు.

వెలుగుకు కన్ను, చప్పుడుకు చెవి ఉన్నట్టు కాలాన్ని పట్టుకోవడానికి మనకంటూ ఒక అవయవం లేదు. మెదడు వేరే ఆధారాలు చూసి అంచనా కడుతుంది. పని నడుస్తుండగా కట్టే లెక్క ధ్యాసను బట్టి ఉంటుంది. ధ్యాస గడియారం మీదికి ఎన్నిసార్లు పోతే కాలం అంత సాగుతుంది. అయిపోయాక వెనక్కి తిరిగి కట్టే లెక్క జ్ఞాపకాన్ని బట్టి ఉంటుంది. విడివిడిగా గుర్తున్న సంగతులు ఎన్ని ఉంటే ఆ రోజులు అంత పొడవు. ఈ రెండు లెక్కలూ సాధారణంగా ఎదురెదురుగా నడుస్తాయి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1890లోనే ఈ మాట రాశాడు. పెళ్లింట్లో మూడు రోజులు ఎలా గడిచాయో తెలియదు, తర్వాత తలుచుకుంటే నెల రోజులున్నట్టుంటుంది. ఆసుపత్రి వరండాలో కూర్చున్న పూట ఎంతకీ తెమలదు, నెల తర్వాత అది గుర్తుకే రాదు.

వీటికి తోడు ఒంట్లో గడియారం ఒకటుంది. నిద్ర, ఆకలి, ఒంటి వేడి దాని ప్రకారం ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. దాని చుట్టు సగటున 24 గంటల కన్నా కొద్ది నిమిషాలు ఎక్కువ. ఆ తేడాను కంట్లో పడే వెలుతురు రోజూ సరిదిద్దుతుంది.

ఈ మూడూ ఒకదాంతో ఒకటి సంబంధం లేకుండా ఎలా నడుస్తాయో చెప్పే ఉదాహరణ ఒకటుంది, మీ పరిస్థితికి బాగా దగ్గర కూడా. మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త 23 ఏళ్ల వయసులో, 1962 జులై 16న ఆల్ప్స్ కొండల్లోని ఒక గుహలోకి వాచీ లేకుండా దిగాడు. నిద్రొస్తే పడుకోవడం, ఆకలేస్తే తినడం, లేచినప్పుడూ పడుకునేటప్పుడూ పైనున్నవాళ్లకు ఫోన్‌లో చెప్పడం, ఇదే దినచర్య. సెప్టెంబరు 14న బయటికి తీసుకొచ్చేసరికి ఆయన తన లెక్కలో ఆగస్టు 20లో ఉన్నాడు. అంటే 25 రోజులు లెక్కలో లేకుండా పోయాయి. 120 అంకెలను సెకనుకొకటి చొప్పున లెక్కపెట్టమంటే ఐదు నిమిషాలు తీసుకున్నాడు. అయినా ఆయన నిద్రా మెలకువల చుట్టు మాత్రం 24 గంటలకు కాస్త ఎక్కువగా, దాదాపు సరిగ్గానే నడిచింది. ఒళ్లు రోజులను సరిగ్గానే లెక్కపెట్టింది. ఒక రోజును ఇంకో రోజు నుంచి విడదీసే గుర్తులు ఆ గుహలో లేవు కనుక మనసు లెక్క తప్పింది. అదే కుర్చీ, అదే తెర, పగలంతా దింపి ఉంచిన కర్టెన్లు. మీ గది కూడా కొంతవరకు అలాంటిదే.

ఇక ఒక్కోటీ చూద్దాం.

‘ముల్లు కదలదు’ అని రాశారు. ఈ మాట ఒకరకంగా అక్షరాలా నిజం, ఇంట్లోనే చూసుకోవచ్చు. సెకను ముల్లు టక్ టక్ మంటూ ఆగి ఆగి నడిచే గోడ గడియారం కావాలి, ముల్లు జారుతూ తిరిగేదైతే పనికిరాదు. పక్క గోడను చూస్తూ ఉండి ఒక్కసారిగా చూపును సెకను ముల్లు మీదికి తిప్పండి. పదిసార్లు చేస్తే రెండు మూడుసార్లయినా మొదటి సెకను తర్వాతి వాటికంటే పొడవుగా, గడియారం ఆగిపోయిందేమో అనిపించేలా ఉంటుంది. కన్ను ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకేటప్పుడు మధ్యలో చూపు మసకబారుతుంది. మెదడు ఆ ఖాళీని అలా వదిలేయకుండా, చూపు వాలాక కనబడిన దృశ్యాన్నే వెనక్కి సాగదీసి నింపేస్తుంది. ఈ తేడా సెకనులో చిన్న ముక్కే, మీ రెండు గంటలకు కారణం ఇదని కాదు. కాలం మనకు తెలిసేది మెదడు సర్దిపెట్టిన తర్వాతే అని కంటికి కనబడేలా చూపిస్తుంది కాబట్టి చెప్పాను.

ఒంటి గంట తర్వాత నిజంగా జరిగేది ఇదీ. తెల్లవారుజామున ఒంటి వేడి కనిష్ఠానికి దిగుతుంది, చురుకుదనం కూడా దాంతోపాటే పడిపోతుంది. పని మీద ధ్యాస నిలవదు. నిలవని ధ్యాస తిన్నగా స్క్రీన్ మూలనున్న గడియారం మీదికి పోతుంది. 1:40, 1:44, 1:47. చూసిన ప్రతిసారీ ‘ఇంకా ఎంతుంది’ అన్న లెక్క మొదలవుతుంది, ఆ లెక్కే కాలాన్ని సాగదీస్తుంది. కాబట్టి మొదటి పని, టాస్క్‌బార్ మూలలో టైమ్ కనిపించేచోట చిన్న కాగితం ముక్క అంటించేయండి. ఫోన్ బోర్లా పెట్టండి. కాల్స్ తప్పిపోతాయన్న భయం లేకుండా 1:45కీ, 2:30కీ మెల్లగా మోగే అలారాలు రెండు పెట్టుకోండి. మధ్యలో గంట ఎంతయిందో తెలియాల్సిన అవసరం మీకు లేదు.

రెండోది పని వరస. డ్యాష్‌బోర్డ్ చూస్తూ కూర్చోవడం, టికెట్ (క్లయింట్ పంపే ఫిర్యాదు) వస్తుందేమోనని కాచుకోవడం లాంటివి ఆ గంటల్లో విషంతో సమానం. టికెట్లు ఎప్పుడు రావాలో మీ చేతిలో లేదు గానీ, హ్యాండోవర్ నోట్స్, డాక్యుమెంట్లు సరిదిద్దడం, పాత టికెట్లు మూసేయడం మీ చేతిలోనివే. చాలామంది వీటిని చురుగ్గా ఉన్న తొమ్మిదింటికే ముగించి, ఒంటి గంటకు చేతులు ఖాళీ చేసుకుని కూర్చుంటారు. వరస తిప్పండి. చేత్తో చేసేది, చిన్న చిన్న ముక్కలుగా ముగిసేది ఒంటి గంటకు దాచిపెట్టుకోండి. ముప్పావు గంటకోసారి లేచి వంటింటి దాకా నడవండి. భోజనం ఎనిమిదిన్నరకే కానిచ్చేయండి. ఒంటి గంటకు అన్నం కలుపుకుని తింటే మగత రెట్టింపవుతుంది. ఆ వేళకు మజ్జిగో, వేయించిన శనగలో, అరటిపండో చాలు. బ్రేక్‌లో కునుకు తీసే వీలుంటే అలారం 20 నిమిషాలకు పెట్టుకోండి. అరగంట దాటిందంటే గాఢనిద్రలోకి జారి, లేచాక తల దిమ్ముగా ఉంటుంది. లేచిన మొదటి 15 నిమిషాల్లో ప్రొడక్షన్ సర్వర్ (క్లయింట్ పని నడుస్తున్న అసలు సర్వర్) మీద చేయి పెట్టకండి.

టీ సంగతి విడిగా చెప్పాలి. కెఫీన్ సగానికి తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఒంటి గంటకు తాగిన కాఫీ నాలుగింటికి సగానికి పైగా ఒంట్లోనే ఉంటుంది. నిద్ర పట్టడం లేదని ఫోన్ పట్టుకోవడం అక్కణ్నుంచే మొదలవుతుంది. ఆఖరి టీ గానీ కాఫీ గానీ రాత్రి పది లోపే.

ఇప్పుడు ఫోన్. రోజులో నేను గట్టిగా అడ్డుచెప్పేది ఈ గంటన్నరకే. ఇందాక చెప్పుకున్న రెండు లెక్కలూ ఎదురెదురుగా నడుస్తాయి కదా, ఒకచోట పోయింది ఇంకోచోట దొరుకుతుంది. రీల్స్ విషయంలో రెండుచోట్లా నష్టమే. చూస్తున్నంతసేపూ ధ్యాసంతా వాటికే పోతుంది కాబట్టి కాలం తెలియదు. అయిపోయాక జ్ఞాపకంలో నిలిచేదీ ఉండదు. వంద రీల్స్‌లో వంద సంగతులున్నా మీకు మాత్రం అదే మంచం, అదే బొటనవేలు, అదే చీకటి. ఒకదాన్ని ఇంకోదాన్నుంచి విడదీసి తగిలించుకోవడానికి జ్ఞాపకానికి కొక్కెం దొరకదు. పేపర్‌కి ఆఖరి పేజీ ఉండేది, సీరియల్ ‘సశేషం’ అని ఆగేది. ఇక్కడ అడుగు లేదు. వేలితో తోస్తున్నకొద్దీ కొత్తది వస్తూనే ఉండే ఈ పద్ధతిని 2006లో రూపొందించిన డిజైనర్ ఏజా రాస్కిన్, తర్వాతి కాలంలో అందుకు తానే బహిరంగంగా పశ్చాత్తాపపడ్డాడు.

అయితే ‘ఫోన్ మానేయండి’ అనడం లేదు. తొమ్మిది గంటలు ఒకరి సమస్యలు విన్నాక మనసుకు విడుపు కావాలి, దాన్ని కాదంటే రెండు రోజులు కూడా నిలబడదు. విడుపుకి ఒక గట్టు కట్టుకోవాలి, అంతే. ఛార్జర్‌ను పడకగదిలోంచి తీసి హాల్లో పెట్టండి. చూడాలనుకుంటే హాల్లో కుర్చీలో కూర్చుని చూడండి, మంచం మీద మాత్రం వద్దు. వంటింట్లో వాడే టైమర్ ఒకటి కొనుక్కుని, 20 నిమిషాలకు తిప్పి వంటింటి గట్టు మీద పెట్టి రండి. అది మోగితే ఆపడానికి లేచి నడవాలి. ఆ నాలుగడుగులే మందు. అలారం ఫోన్‌లోనే పెట్టుకుంటే బొటనవేలు దాన్ని పక్కకు తోసి మళ్లీ రీల్స్‌లోకి పోతుంది.

ఫోన్‌లో ఉండే పరిమితులు కూడా వాడొచ్చు. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోని డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్, ఒక్కో యాప్‌కి రోజుకిన్ని నిమిషాలని గిరి గీస్తాయి. నైట్ షిఫ్ట్ వాళ్లకు ఇక్కడ ఒక చిక్కుంది. ఈ లెక్క అర్ధరాత్రి పన్నెండుకు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మీరు పగలు లేచాక అరగంట కోటా వాడేసినా, 3:30కి ఇంకో అరగంట తాజాగా సిద్ధంగా ఉంటుంది. కాబట్టి గిరిని మీరు అనుకున్నదాంట్లో సగానికే గీయండి. ఐఫోన్‌లో ‘ఈసారికి వదిలేయి’ అనే వీలు కూడా ఉంటుంది. పాస్‌కోడ్ ఇంట్లో వేరేవాళ్ల చేత పెట్టిస్తే అది అడ్డుపడుతుంది.

ఇక అసలు బాధ, ఏడాది మాయమవడం.

2007లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. మనుషులను 31 మీటర్ల ఎత్తు నుంచి కింద వలలోకి వెల్లకిలా వదిలారు. తాము పడడానికి పట్టిన సమయాన్ని వాళ్లు, ఇతరులు పడుతుండగా చూసినప్పటి కంటే సగటున 36 శాతం ఎక్కువగా చెప్పారు. పడుతుండగా నిజంగానే కాలం నెమ్మదించిందా అని తెలుసుకోవడానికి వాళ్ల మణికట్టుకి అంకెలు వేగంగా మారే తెర ఒకటి కట్టారు. నెమ్మదిస్తే ఆ అంకెలు చదవగలగాలి, చదవలేకపోయారు. కాలం సాగింది పడేటప్పుడు కాదు, పడ్డాక జ్ఞాపకంలో. జ్ఞాపకం దట్టంగా ఉంటే అది పొడవుగా కనిపిస్తుంది. మీకు జరుగుతున్నది దీనికి సరిగ్గా తిరగేసిన సంగతి. మూడేళ్ల జ్ఞాపకం అంత పలచన, కాబట్టి అంత పొట్టి.

ఆఫీసుకి వెళ్లే రోజుల్లో దట్టం ఎక్కణ్నుంచి వచ్చేదో చూడండి. క్యాబ్, దారిలో వాన, లిఫ్ట్‌లో ఎవరో, క్యాంటీన్‌లో ఉప్మా బాగోలేదని గొడవ. ఏదీ గొప్ప విషయం కాదు, కానీ ఒక్కోటీ రోజుని ముక్కలు చేసేది. ఒక గది గుమ్మం దాటి ఇంకో గదిలోకి వెళితే, అప్పటిదాకా బుర్రలో ఉన్నది మరిచిపోయే అవకాశం పెరుగుతుందని ప్రయోగాల్లో తేలింది. వంటింట్లోకి వెళ్లి ‘ఎందుకొచ్చానబ్బా’ అనుకోవడం ఇదే. మెదడు గుమ్మం దగ్గర ఒక అధ్యాయం మూసి ఇంకోటి తెరుస్తుంది. ఇంటి నుంచి చేసే పనిలో గుమ్మాలే లేవు. పడక, పని, తిండి, టీవీ అన్నీ పది అడుగుల్లో ఉంటే మూడేళ్లూ ఒకే అధ్యాయంగా మిగిలిపోతాయి.

మన పండుగలు కట్టినవాళ్లకు ఈ కిటుకు బాగా తెలిసినట్టుంది. బతుకమ్మనే చూడండి. తొమ్మిది రోజులూ పూలు పేర్చడమే, చుట్టూ తిరిగి పాడడమే. కానీ ఏ రోజుకా రోజు వేరే పేరు, వేరే నైవేద్యం. ఎంగిలిపూలతో మొదలు. తర్వాత అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, నైవేద్యమే ఉండదు. ఆపైన వేపకాయలు, వెన్నముద్దలు, చివర సద్దులు. పదేళ్ల తర్వాత కూడా ‘వాన పడింది అట్ల బతుకమ్మ రోజున’ అని చెప్పగలగడానికి కారణం ఆ అట్లే. తొమ్మిది రోజులు ఒకే ముద్దగా కలిసిపోకుండా కాపాడింది నైవేద్యం. కోస్తాలో భోగి మంట, సంక్రాంతి ముగ్గు, కనుమ నాటి గారెలు చేసే పని కూడా ఇదే. మీరు హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి, పండుగ సెలవును నిద్రకే అర్పించకుండా ఆ రోజుకి చెందిన ఒక్క వంట చేత్తో చేయండి. ఆర్డర్ పెట్టి తెప్పించినదానికి ఇంత పట్టు ఉండదు.

పండుగలు లేని వారాలకు, వారానికి ఒక్కటంటే ఒక్క కొత్త పని. చోటు గానీ, మనిషి గానీ, చేతిపని గానీ మారాలి. ఎప్పుడూ వెళ్లని రైతుబజార్‌కి వెళ్లి తెలియని ఆకుకూర ఒకటి కొనుక్కొచ్చి వండడం లెక్కలోకి వస్తుంది. అదే సోఫాలో కొత్త వెబ్ సిరీస్ చూడడం రాదు. ఉత్సాహంలో ఒకే ఆదివారం మూడు కార్యక్రమాలు పెట్టుకుని నిద్ర చంపుకోకండి. ఆ రోజు చూసింది జ్ఞాపకంగా గట్టిపడేది నిద్రలోనే. నిద్ర లేకపోతే ఎంత తిరిగినా మసకే మిగులుతుంది. ఇంట్లో కూడా పనిచేసే కుర్చీలో తినకండి. లాగిన్‌కి ముందు పది నిమిషాలు కిందికి దిగి అపార్ట్‌మెంట్ చుట్టూ ఒక చుట్టు తిరిగి, గుమ్మంలోంచి మళ్లీ లోపలికి రండి. షిఫ్ట్ అయ్యాక ల్యాప్‌టాప్ మూసి బీరువాలో పెట్టేయండి, టేబుల్ మీద కనబడనివ్వకండి.

దీనికి తోడు ఒక లాంగ్‌బుక్. పడుకునే ముందు ఒక్క వాక్యం, అంతకంటే వద్దు. షరతు ఒకటే, ఆ వాక్యం ఇంకే రోజుకీ అతకకూడదు. ‘పని ఎక్కువ, అలసిపోయాను’ అన్నది మూడేళ్లలో ఏ రోజుకైనా అతుకుతుంది. ‘కరివేపాకు మొక్కకి ఆకుపచ్చ గొంగళిపురుగు పట్టింది, మూడు కొమ్మలు తినేసింది’ అన్నది ఆ ఒక్క రోజుదే. మొదటి రెండు మూడు రోజులు రాయడానికి ఏమీ దొరకదు, అది మామూలే. నాలుగైదు రోజులయ్యేసరికి సాయంత్రం నుంచే ‘ఇవాళ్టి వాక్యం ఏది’ అని కళ్లు వెతకడం మొదలుపెడతాయి, సగం మేలు అక్కడే జరుగుతుంది. ప్రతి ఆదివారం పుస్తకం తెరవకుండా ఏడు వాక్యాలూ గుర్తుచేసుకుని, తర్వాత చూసుకోండి. గుర్తుచేసుకునే ప్రయత్నమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. రోజు తప్పితే ఆ గీత ఖాళీగా వదిలేయండి. మూడు రోజులవి కలిపి ఊహించి రాయడం మొదలైతే పుస్తకం ఇంకో భారమై, వారంలో మూలపడుతుంది. ఫోటోలు దీనికి బదులు కావు. నెలకు రెండు వందలు తీసి ఒక్కటీ తిరిగి చూడకపోతే గుర్తుంచుకునే పని ఫోన్‌కి అప్పజెప్పినట్టే. తీస్తే వారానికి ఒక్కటి ఏరి, దానికి కూడా ఒక వాక్యం రాయండి.

వీటన్నిటికీ అడుగున నిద్ర ఉంది. 3:30కి షిఫ్ట్ అయితే 4:15కల్లా పడుకోండి. తొందర ఎందుకంటే, హైదరాబాద్‌లో ఎండాకాలం ఆరు కాకముందే సూర్యోదయం. ఐదున్నర దాకా మెలకువగా ఉంటే ఆ వెలుతురు కంట్లో పడి ఒళ్లు ‘తెల్లారింది, లే’ అనుకుంటుంది. పడకగదికి వెలుతురు చొరబడని మందపాటి కర్టెన్లు వేయండి. పాలవాళ్లూ కొరియర్లూ పదకొండున్నర లోపు బెల్ కొట్టకుండా తలుపు మీద కాగితం అంటించండి. 11:30కి లేచాక మొదటి గంటలో అరగంట ఆరుబయట ఉండాలి. గదిలో లైట్ల వెలుతురు కొన్ని వందల లక్స్‌కి (వెలుతురు కొలత) మించదు, బయట నీడలో కూడా వేలల్లో ఉంటుంది. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడమని కాదు, చెట్టు నీడో బాల్కనీయో చాలు.

సెలవు రోజుల్లో అందరితో పాటు పదింటికే పడుకుని ఆరింటికి లేస్తే, ప్రతి సోమవారం ఒంటికి విమాన ప్రయాణం చేసొచ్చినట్టుంటుంది. మధ్యేమార్గంగా రాత్రి రెండింటికి పడుకుని తొమ్మిదిన్నరకు లేవండి. పనిరోజుల నిద్రతో ఐదు గంటలు కలుస్తాయి. కనీసం నాలుగు గంటల నిద్ర రోజూ ఒకే వేళలో పడితే ఒంటి గడియారం అంతగా చెదరదు.

మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం గోడ క్యాలెండర్ మీద ఎర్రగా గుర్తు పెట్టుకోండి. అమెరికాలో గడియారాలు మారేది ఆ రోజుల్లోనే, మీ షిఫ్ట్ వేళ మారేదీ అప్పుడే. నవంబరులో షిఫ్ట్ గంట ఆలస్యమవుతుంది కాబట్టి, ముందు నాలుగు రోజులు పావుగంట చొప్పున పడుకునే వేళ ఆలస్యం చేసుకుంటూ రండి. 5:15కి పడుకున్నా చలికాలం సూర్యోదయానికి ఇంకా గంట పైనే ఉంటుంది. మార్చిలో ముందుగా సర్దుకునే వీల్లేదు, 4:30 దాకా పనే ఉంటుంది కదా. మార్పు వచ్చాక ఆ వారం రోజుకి పావుగంట చొప్పున ముందుకు జరపండి. ఒక్క రాత్రిలో గంట ముందుకు లాగాలని చూస్తే మంచం మీద మేలుకునే ఉంటారు, చేయి మళ్లీ ఫోన్ మీదికి పోతుంది.

డాక్టర్‌ని కలవాల్సిన సందర్భాలు ఇవి. మధ్యలో కొన్ని నిమిషాలు ఏం చేశారో అసలు గుర్తులేకపోవడం, పక్కవాళ్లు పిలిచినా పలకలేదని చెప్పడం జరిగితే న్యూరాలజిస్ట్‌కి చూపించుకోవాలి, వాయిదా వేయొద్దు. రోజంతా కాలం బరువుగా ఈడుస్తూ, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోయి, అది రెండు వారాలు దాటితే డిప్రెషన్ కావచ్చు. సైకియాట్రిస్ట్‌ని కలవండి, లేదా కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఏ వేళైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఏడు గంటలు పడుకున్నా నిద్ర చాలకపోయినా, గట్టిగా గురక పెడుతున్నారని ఇంట్లోవాళ్లు అన్నా అది కూడా చెప్పండి. నిద్రమాత్రలు సొంతంగా మాత్రం మొదలుపెట్టకండి.

ఇక మీ ‘ఇవాళ’ సంగతి. అర్ధరాత్రికి తేదీ మారేది ఫోన్‌కి, మన పంచాంగానికి కాదు. పంచాంగంలో రోజుకి 60 ఘడియలు, సూర్యోదయం నుంచి మళ్లీ సూర్యోదయం దాకా. అందుకే శుభలేఖల్లో రాత్రి రెండు గంటల ముహూర్తం పక్కన ‘తెల్లవారితే సోమవారం’ అని రాస్తారు. సూర్యుడు వచ్చేదాకా అది ఆదివారమే. మీకు ఇంతకంటే చక్కగా సరిపోయే లెక్క లేదు. 6:30కి లాగిన్ అయినా, 3:30కి లాగవుట్ అయినా ఒకటే రోజు. మీరు నిద్రలో ఉండగా, అందరికీ మారినట్టే, మీకూ రోజు మారుతుంది. లాంగ్‌బుక్‌లో నాలుగింటికి రాసే వాక్యానికి ముందురోజు తేదీనే వేయండి. మీ అమ్మగారికి కూడా ఈ లెక్క చెప్పండి. ఆవిడ ‘నిన్న’ అంటే మీరు ఈ మధ్యాహ్నం నిద్రలేవక ముందంతా.